లిఫ్టులో స్పష్టత

"ఇకమీదట ఈ దేశంలో అర్థంకాని వాక్యం ఒక్కటి కూడా ఉండబోదు" అని విద్యామంత్రిగారు గంటన్నరసేపు ప్రకటించిన రోజే విశ్వవిద్యాలయంలో టెక్నికల్ రైటింగ్ శాఖ మొదలైంది. ఆ ఉపన్యాసంలో నాకు అర్థమైన వాక్యం అదొక్కటే. అయినా అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. మా అక్క కూతురు ఆ శాఖలో మొదటి బ్యాచ్ మరి.

యంత్రాల వెంట వచ్చే పుస్తకాలు ఎవరికైనా అర్థమయ్యేలా రాయడం అక్కడ నేర్పుతారు. చివరి పరీక్షకి మా అమ్మాయి, శాఖ భవనంలో లిఫ్టు ఆగిపోతే ఏం చేయాలో రాసింది. మొత్తం మూడు ముక్కలు. "లిఫ్టు ఆగిందా? ఎర్ర బటన్ నొక్కండి. తలుపు తీసేదాకా లోపలే ఉండండి." పాసైతే పంపుసెట్ల కంపెనీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. తప్పితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

"దీన్ని మంత్రిగారే స్వయంగా లిఫ్టెక్కి పరీక్షిస్తారు" అంటూ వైస్ చాన్సలర్ గారు పెన్ను తీశారు. భాష మీద ఆయనకున్న శ్రద్ధ నేను కళ్ళారా చూశాను.

"ఆగిందా అంటావేమ్మా? ఈ ప్రభుత్వంలో ఏదైనా ఆగిందా?"

"లిఫ్టు సార్..."

"లిఫ్టూ ప్రభుత్వానిదే. కొట్టేస్తున్నా. ఎరుపు ఎవరి జెండా?"

"ప్రతిపక్షానిది. కానీ బటన్ ఎర్రగానే ఉంది కదా సార్!"

"ఉంటే ఉండనీ, మనం ప్రోత్సహించకూడదు. పచ్చ అని రాయి. ఇంకా నయం, మంత్రిగార్ని లోపలే ఉండమన్నావు! అసలే కోర్టులో కేసు నడుస్తోంది."

అలా దిద్దగా దిద్దగా మూడు ముక్కలు నలభై పేజీలయ్యాయి. మొదటి పేజీ నిండా మంత్రిగారి ఫొటో, తర్వాత లిఫ్టుల చరిత్ర, కృతజ్ఞతలు. పచ్చ బటన్ ముప్పయ్యో పేజీలో వస్తుంది.

పరీక్ష నియమం గట్టిది. చదివేవారు పుస్తకంలో ఉన్నదే చేయాలి, రాసినవారు నోరు విప్పకూడదు. మంత్రిగారు పుస్తకం చంకలో పెట్టుకుని లిఫ్టెక్కారు. వైస్ చాన్సలర్ గారు సైగ చేయగానే మెకానిక్ దాన్ని రెండో అంతస్తు దాటగానే ఆపి తన గదికి వెళ్ళిపోయాడు. మేమంతా రెండో అంతస్తు తలుపు దగ్గర నిలబడ్డాం.

కాసేపటికి పైనుంచి కేకలు వినిపించాయి.

"ఏమంటున్నారు సార్?" అన్నాడు విలేకరి.

"లీనమై చదువుతున్నారు" అన్నారు వైస్ చాన్సలర్ గారు.

"పచ్చ బటన్ ఏదిరా!"

"చూశారా, ముప్పయ్యో పేజీకి వచ్చేశారు. ఏం వేగం!"

మా అమ్మాయి నోరు తెరవబోయింది. "మాట్లాడితే మార్కులు పోతాయి" అన్నారాయన. అది నా చెయ్యి గిల్లి గుసగుసగా, "మావయ్యా, నువ్వు రాయలేదుగా, నువ్వైనా చెప్పు" అంది. పెద్దల చదువుకి అడ్డుపడే అలవాటు నాకు లేదు.

చివరికి మెకానిక్ గదిలో గంట మోగింది. తలుపు సందులోంచి, పుస్తకంలో చింపిన మంత్రిగారి ఫొటో పేజీ జారి కిందపడింది. దాని వెనక ఆయన దస్తూరి. "లిఫ్టు ఆగింది. ఎర్ర బటన్ నొక్కాను. తలుపు తీయండి."

వైస్ చాన్సలర్ గారు అది చదివి కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత స్పష్టత!"

ఫలితాలు వచ్చాయి. మంత్రిగారికి బంగారు పతకం. స్పష్టత లోపించిందని మా అమ్మాయి ఫెయిల్. పంపుసెట్ల కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

"అవి నా మాటలే కదా మావయ్యా?" అని అడిగింది అది. నేను న్యాయంగానే చెప్పాను. "నువ్వు నొక్కండి అన్నావంతేనే. ఆయన నొక్కారు. అనుభవం వేరు."

ఇప్పుడది మళ్ళీ పరీక్షకి చదువుతోంది. మంత్రిగారి ఆ చీటీయే మొదటి పాఠం. నిన్న ప్రశ్న ఇచ్చారట: "పై మూడు వాక్యాలలోని క్లుప్తతను నలభై పేజీలకు తగ్గకుండా వివరింపుము."