గుండ్రటి జేబు

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం దొర్లినా నా నాలుకమీద వాత పెట్టండి, కిక్కురుమనను. నా అంత నిజాయితీగా కథ చెప్పేవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఉన్నా వాడికి నా అంత జ్ఞాపకశక్తి ఉండదు.

సాంకేతిక శాఖ మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టి, ఒక కార్డు పైకెత్తి చూపించి, గొంతు సవరించుకుని ప్రకటించారు: "రాబోయే ఫోను గుండ్రంగా ఉంటుంది!"

ఫోన్లు చేసే ఆ పెద్ద కంపెనీ ఏటా ఒక సభ పెట్టి కొత్త సరుకు బయటపెడుతుంది. అదేమిటో ముందుగా చచ్చినా చెప్పదు. ఆహ్వానపు కార్డు మాత్రం పంపుతుంది. ఆ కార్డు పట్టుకుని లోకమంతా జాతకాలు చెప్పుకోవాలి. ఈసారి కార్డుమీద తారీఖు, "రండి, చూడండి" అన్న మాటలు తప్ప ఏమీ లేవు. మంత్రిగారి కార్డుమీద మాత్రం వాటి కింద గోధుమరంగు వలయం ఒకటి ఉంది.

"మాకొచ్చిన కార్డుమీద ఆ వలయం లేదండీ," అన్నాడు ఒక విలేకరి.

"ఎలా ఉంటుంది? అది ప్రభుత్వాలకి మాత్రమే చెప్పే రహస్యం."

"మరి మీరు అందరికీ చెప్పేశారు కదండీ?"

"పారదర్శక ప్రభుత్వమయ్యా మాది!"

"వలయం ఒకచోట తెగినట్టుందండీ."

"అది ఛార్జింగ్ పెట్టుకునే చోటు. రంగు కూడా చూడండి, లేత గోధుమ. అంతా చెప్పేశారు. చూసే కళ్ళు మనకుండాలి."

వెనక నిలబడ్డ పీఏ ఆ వలయాన్ని చూడగానే గుర్తుపట్టాడు. అది తన టీ గ్లాసుది. బల్లకి మరక అంటితే మంత్రిగారికి మండిపోతుంది కాబట్టి, ఏ కాగితం ఖాళీగా కనిపిస్తే దానిమీద గ్లాసు పెట్టడం పీఏ అలవాటు. గ్లాసు అడుగున అంచు కాస్త చిట్లింది. మంత్రిగారి ఛార్జింగ్ అక్కడే.

చెప్పేద్దామంటే, ఈయనకి ముందున్న పీఏ ఒకసారి నిజం చెప్పి, ప్రస్తుతం విరిగిన కుర్చీల గోడౌనుకి ఇన్‌చార్జిగా ఉన్నాడు. అక్కడ కూర్చోడానికి కుర్చీ లేదు.

మర్నాడే జీవో వచ్చింది. శాఖ సిబ్బంది అందరి చొక్కాలకీ గుండ్రటి జేబులుండాలి. ఫోను వచ్చాక జేబు కోసం పరుగెత్తే నాయకులు వేరు, జేబు కుట్టించుకుని ఫోను కోసం కూర్చునే మహానుభావులు వేరు. ప్రతిపక్షం ఊరుకుంటుందా? ఫోను ముక్కోణమని ఊరేగింపు తీసింది. టీవీల్లో నిపుణులు జుట్లు పట్టుకున్నారు. కంపెనీని అడిగితే "ఇప్పుడే ఏమీ చెప్పం" అంది.

"చూశారా, కాదనలేదు!" అన్నారు మంత్రిగారు.

"ఔననీ అనలేదు!" అంది ప్రతిపక్షం.

చొక్కాల పని పీఏ బావమరిదికి దక్కింది. వాడు దర్జీ. ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, మీ మంత్రి ఆ సోమలింగానికి చొక్కా కూడా కుట్టిస్తున్నాడు బావా."

"నోరు మూసుకుని కుట్టు."

"కుట్టడానికేం? గుండ్రటి జేబుకి మూతి ఎక్కడ పెట్టాలో చెప్పు. పైన కోస్తే అది గుండ్రం కాదు, చిప్ప."

"ఏవండీ, వాణ్ణెందుకు కసురుతారు?" అంది పీఏ భార్య. "వారంనించీ మీకు తిండి సయించడంలేదు. ఫోను గుండ్రంగా ఉంటే మీకొచ్చిన నష్టమేమిటట?"

"ఉంటే నష్టం లేదే. లేకపోతేనే."

"లేకపోతే?"

"గోడౌను."

భార్య గరిటె గిన్నెలో పడేసి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుంది. బావమరిది మాత్రం తాపీగా నములుతూ, "అన్నట్టు బావా, నిన్న కోట్లేసుకున్న ఇద్దరొచ్చారు కొట్టుకి," అన్నాడు. "మచ్చుకి కుట్టిన జేబుని టేపు పెట్టి కొలుచుకున్నారు. అంచున ఈ నొక్కెందుకని అడిగారు."

"ఏమన్నావు?"

"కార్డుమీద ఉన్నట్టే కుట్టానన్నాను. 'ఏ కార్డు?' అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళ కోట్లమీద ఆ కంపెనీ బిళ్ళుంది బావా."

పీఏ కంచం ముందునించి లేచిపోయాడు. ఆ వలయం మేం వెయ్యలేదని కంపెనీ రేపో మాపో చాటింపు వేస్తుంది. అంతకన్నా తనే చెప్పుకోవడం మేలు. మర్నాడు గ్లాసు చేతపట్టుకుని నేరుగా మంత్రిగారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఆ వలయం ఈ గ్లాసుది. తప్పు నాది."

మంత్రిగారు గ్లాసునీ కార్డునీ మార్చి మార్చి చూశారు.

"గ్లాసు నీ సొంతమా, ఆఫీసుదా?"

"ఆఫీసుదే సార్."

"అయితే మరక ప్రభుత్వానిది. ప్రభుత్వం గీసిన గుండ్రం తప్పెలా అవుతుందయ్యా? వెళ్ళు."

సభరోజు రానే వచ్చింది. మంత్రిగారి గదిలో టీవీ ముందు సిబ్బందంతా గుండ్రటి జేబులతో బారులు తీరారు. పీఏ అయితే గోడౌనులోకి పనికొస్తుందని ఇంటినించి ఒక ముక్కాలిపీట కూడా తెచ్చి తలుపు వెనక పెట్టుకున్నాడు. కంపెనీ పెద్ద వేదికెక్కి, "ఇది మా ఇంజనీర్ల ఏళ్ళ తరబడి తపస్సు!" అని గుడ్డ లాగాడు.

ఫోను గుండ్రంగా ఉంది. లేత గోధుమరంగు. అంచున ఒక నొక్కు.

గది దద్దరిల్లింది. మంత్రిగారు లేచి అందరికీ దణ్ణం పెట్టారు. ప్రతిపక్షం, ముక్కోణం తర్వాతి మోడల్‌లో వస్తుందని ప్రకటించింది. కార్డు భద్రంగా కాపాడినందుకు పీఏని ప్రత్యేక సలహాదారుణ్ణి చేశారు. ముక్కాలిపీట ఇంటికెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి కంపెనీవాళ్ళు మొదటి ఫోను మంత్రిగారికి కానుకగా పంపారు. ఆయన చెవి దగ్గర పెట్టుకుంటే నోటికి అందలేదు, నోటి దగ్గర పెట్టుకుంటే చెవికి అందలేదు. జేబులో వేసుకుంటే చిప్పలోంచి జారింది. విసుగొచ్చి బల్లమీద పెట్టారు. అంతలో టీ వచ్చింది. మంత్రిగారు గ్లాసు దానిమీద పెట్టి చూశారు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

"ఏం కంపెనీ అయ్యా!" అన్నారు మురిసిపోతూ. "ఇక బల్లకి మరకన్నది ఉండదు."

ఇదీ కథ. ఆవగింజంత అబద్ధం కూడా లేదన్నానా? ఉంది లెండి, ఒక్కటే. పీఏ గ్లాసు పట్టుకెళ్ళి మంత్రిగారికి నిజం చెప్పాడన్నానే, ఆ ముక్క నేను కల్పించాను. ఇంత కథలో ఒక్కడైనా నిజం చెప్తే వినడానికి బావుంటుందని. ఆయన గదిలోకి వెళ్ళిన మాట మాత్రం వాస్తవం. వెళ్ళి, "టీ తెప్పించమంటారా సార్?" అని అడిగి వచ్చేశాడు.