మూడు చెక్కల బోర్డు

పార్కు ఆఫీసరు పది గంటలకు వస్తానని కబురు పెట్టాడు. అందుకే మొక్కల పిన్ని పొద్దున్నే పెయింటరును పిలిపించింది. పని ఒక్కటే, దుకాణానికి బోర్డు. పోయిన వారం ఆ ఆఫీసరు ఇదే వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, బోర్డు లేని దుకాణం ఎక్కడుందో తెలియక వెళ్లిపోయాడట. ఇవాళ కూడా కనబడకపోతే తిన్నగా వీధి చివరి పెద్ద నర్సరీకే పోతాడు. మూడేళ్లు కళ్లల్లో పెట్టుకుని పెంచిన మూడువందల ముళ్ల మొక్కలు కుండీల్లోనే ఉండిపోతాయి. పిన్ని దుకాణం మూసుకుని ఇంట్లో కూర్చోవాలి.

పెయింటరు పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. అక్షరాలను బొమ్మల్లా చూసి దించుతాడు. చేయి మాత్రం బంగారం. కాకపోతే ఒక పట్టుదల ఉంది. వేసిన అక్షరం చచ్చినా తుడవడు. గురువుకు మాట ఇచ్చాడట. తప్పు పడితే పక్కనే ఇంకో చెక్క దిగ్గొట్టి, దాని మీద ఒప్పు రాస్తాడు.

ఎనిమిదింటికల్లా దుకాణం మీద మూరెడేసి ఇంగ్లీషు అక్షరాలతో 'కాక్టస్' అని వెలిసింది. పిన్ని మురిసిపోతుండగా బావగారు వచ్చారు. ఆమె భర్తకు అన్నగారు, ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. తల పైకెత్తి చూసి, పెదవి విరిచారు.

"ఒక్క మొక్కే అమ్ముతున్నావా అమ్మా? ఇది లాటిన్ నుంచి వచ్చిన మాట. బోలెడు ఉంటే 'కాక్టై' అనాలి."

"లాటిన్ అంటే ఎక్కడిదండీ?" అన్నాడు నిచ్చెన మీంచి పెయింటరు.

"చచ్చిపోయిన భాషయ్యా."

"పోయినవాళ్లు ఇంకా పెత్తనం చేస్తున్నారా?" అనుకుంటూ పెయింటరు రెండో చెక్క తెచ్చాడు. తుడిచి రాయవచ్చు కదా అని పిన్ని బతిమాలింది. ఆయన చెవిటివాడైపోయాడు. పిన్ని గోడ ఒక్క చెక్కకే సరిపోయింది కాబట్టి, రెండోది పక్కనున్న సెలూను గోడ మీదికి పాకింది.

అంతలో పిన్ని కూతురు కాలేజీకి బయలుదేరుతూ ఆగింది. 'కాక్టసెస్' అన్నా తప్పు లేదని, నిఘంటువులో రెండూ ఉన్నాయని చెప్పింది. బావగారు ససేమిరా అన్నారు.

"ఆ మాట ఇంగ్లీషుకు కోడలై కాపురానికొచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా పుట్టింటి పద్ధతేనా పెదనాన్నా?"

"పుట్టింటిని మరిచిపొమ్మని ఏ కోడలికైనా చెబుతామా?"

తనూ ఆ ఇంటికి కోడలే కాబట్టి పిన్ని ఎటూ మొగ్గలేదు. ఎందుకైనా మంచిది అదీ రాసెయ్యమంది. అదే ఆమె చేసిన పొరపాటు. మూడో చెక్క సరిగ్గా సెలూను గుమ్మం నెత్తిన పడింది. పెయింటరు సుత్తెత్తి నాలుగు దెబ్బలు వేశాడు. లోపల అద్దం గజగజ వణికింది, కత్తి జారింది.

సెలూను ఆయన నురగ చేతులతో బయటికొచ్చాడు. "అక్కా, మీ చెట్లేమో గానీ నా గిరాకీ మీసం పోయింది" అన్నాడు. వెనకే ఆ గిరాకీ, మెడకు తుండుగుడ్డతో, సగం మీసంతో నిలబడ్డాడు. ఎవరు ఆ సుత్తి కొట్టిందని గట్టిగా అడిగాడు. పది దాటి పావుగంటయింది, ఆఫీసరు జాడ లేదు, పైగా ఈ తగువు. పిన్ని చేతులు జోడించి, ఆఫీసరుగారు వస్తారని బోర్డు కోసం పడిన పాట్లన్నీ ఏకరువు పెట్టింది.

ఆ మనిషి గొడవ ఆపేసి, వీధిలోకి నాలుగడుగులు వెనక్కి వేసి, ఈ చివర నుంచి ఆ చివర దాకా బోర్డు చూశాడు.

"ఇదా ఆ దుకాణం? ముందే వచ్చి, 'ముళ్ల మొక్కలు' అన్న బోర్డు కోసం వెతికి వెతికి, వేసారిపోయి గడ్డానికి కూర్చున్నానమ్మా" అన్నాడు.

ఉన్న సగం మీసం కూడా తీయించుకున్నాక ఆఫీసరు కుండీలన్నీ తిరిగి చూశాడు. మొక్కలు నచ్చాయి. అన్నీ కావాలన్నాడు. జేబులోంచి కాగితం తీసి, 'ముళ్ల మొక్కలు, మూడు వందలు' అని రాసి సంతకం పెట్టాడు.

బావగారు కళ్లజోడు సవరించుకుని ఆ కాగితం రెండుసార్లు చదివారు, దిద్దడానికి ఏమీ దొరకలేదు.