బ్రేకుల విభాగంలో ఎవరూ లేరు

భయం అనేది ఎవరి గుండెల్లో వాళ్లు దాచుకునే సొంత సొత్తు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు దానికి ఒక ఫారం ఉంది, ఒక నంబరు ఉంది, వాహనాల కార్యాలయం రెండో అంతస్తులో నాలుగు కుర్చీలతో ఒక విభాగం కూడా ఉంది (నాలుగో కుర్చీకి కాలు విరిగింది, ఎవరి భయానికి విరిగిందో రికార్డుల్లో లేదు). ఈ ఏర్పాటు లేని కాలంలో తల్లులు ఎలా బతికారో తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. పాపం, ఉత్తినే భయపడేవాళ్లు. రసీదు కూడా దక్కేది కాదు.

ఈ సౌకర్యాన్ని మొట్టమొదట మొదలు నుంచి చివరిదాకా వాడుకున్న గౌరవం కంగారమ్మకు దక్కింది. అది ఆమె అసలు పేరు కాదు. దండెం మీద చీర కదిలితే గాలివాన వస్తోందని, కదలకపోతే ఇంకేదో పెద్దది వస్తోందని బెంబేలు పడే మనిషి కాబట్టి వీధివాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. ఒక్కగానొక్క కూతురు పాత ఇనుము వ్యాపారం పెట్టుకుంటానన్నప్పుడు కంగారమ్మ తుప్పు మేకులను, ధనుర్వాతాన్ని తలచుకుని మూడు రోజులు ఏడ్చింది. ఆ వ్యాపారానికి ఒక పాత పికప్ బండి కొన్నానని కూతురు చెప్పిన రోజున ధనుర్వాతాన్ని పూర్తిగా మరిచిపోయింది.

బండి చవగ్గా వచ్చింది. ఎంత చవగ్గా అంటే, అమ్మినవాడు తాళం చేతిలో పెట్టి, నడుస్తున్నట్టు నటిస్తూ పరిగెత్తాడు. ఎడమ తలుపు తీగతో కట్టేసి ఉంటుంది. ఎవరెక్కినా డ్రైవరు వైపు నుంచి ఎక్కి పక్కకు జరుక్కుంటూ పోవాల్సిందే. వెనక ఎర్రలైటు పగిలిన చోట ఎర్ర ప్లాస్టిక్ మగ్గు అడుగుభాగం బిగించి ఉంది. తూకం దగ్గర పనివాళ్లు ఒకసారి సరుకంతా దించి, ఆగకుండా బండి ముందు బంపరు కూడా విప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కూతురు బండికి ఆకుపచ్చ రంగు వేయించింది, ఏది సరుకో ఏది బండో తెలియడానికి.

బండి మీద ఒక మైకు ఉంది. అందులో కూతురి గొంతే పొద్దస్తమానం తిరుగుతుంది: “పాత ఇనుము కొంటాం! ఓటి బకెట్లు, విరిగిన కుర్చీలు, తిరగని ఫ్యాన్లు కొంటాం!” సాయంత్రం ఆ గొంతు వీధి మలుపులో వినిపిస్తేనే కంగారమ్మ పొయ్యి దగ్గర ఊపిరి తీసుకునేది. పొద్దున పీల్చిన ఊపిరితోనే అప్పటిదాకా సరిపెట్టుకునేది.

ఒక శుక్రవారం ఆ గొంతు మామూలుకంటే కొంచెం వేగంగా వచ్చింది. బండి వాకిట్లో ఆగకుండా వచ్చి, ప్రహరీగోడను తాకి, అక్కడ ఆగింది.

“ఆగింది కదమ్మా,” అంది కూతురు దిగుతూ.

“గోడ ఆపింది. నువ్వు ఆపలేదు.”

“ఎవరాపితే ఏంటి? ఆగిందా లేదా?”

“రేపు గోడ లేని చోట ఏం చేస్తావే?”

“గోడ లేని చోట ఆగాల్సిన పనేముందమ్మా?”

“ఏం కాదులే,” అన్నారు పేపరు వెనక నుంచి ఆయన. (కంగారమ్మ భర్త ఈ మాటను పెళ్లయిన నాటి నుంచి వాడుతున్నారు. ఇంతవరకు ఒక్క రిపేరు రాలేదు.)

మర్నాడు కంగారమ్మ కూతురికి చెప్పకుండా వాహనాల కార్యాలయానికి వెళ్లి, మెట్ల పక్కనున్న సలహాల పెట్టెలో ఒక చీటీ వేసి వచ్చింది. “అయ్యా, మా అమ్మాయి బండికి బ్రేకులు సరిగా పడుతున్నట్టు లేదు. ఎవరైనా ఒకసారి చూస్తే బాగుంటుంది. నాకు భయంగా ఉంది. కింద బండి నంబరు రాశాను.” అంతే. చేతిరాత బాగుండాలని గీతల కాగితం మీద రాసింది. తాను ఎవరో తెలియకూడదని సంతకం పెట్టలేదు.

ఆ పెట్టెను తెరిచి పదకొండేళ్లయింది. సరిగ్గా ఆ శనివారమే పెట్టె తాళం చెవి దొరకడం ఎవరి తప్పూ కాదు. లోపల మూడు బస్సు టిక్కెట్లు, ఒక కందిరీగల గూడు, కంగారమ్మ చీటీ ఉన్నాయి. కార్యాలయం వీటన్నిటిలో చర్య తీసుకోదగినది చీటీ ఒక్కటే అని తేల్చింది (గూడు విషయంలో చర్చ జరిగింది).

సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఇద్దరు మనుషులు జిగురు డబ్బాతో వచ్చి, బండి ముందద్దం మీద ఒక కాగితం అతికించి వెళ్లారు. కూతురు పళ్లు తోముకుంటూ వచ్చి చదివింది.

“సందేహాస్పద వాహనం. ఫిర్యాదు ముగిసే వరకు అంగుళం కూడా కదపరాదు. ఫిర్యాదుదారు వివరాలు గోప్యంగా ఉంచబడును. వాహన యజమానితో సంబంధం: తల్లి.”

కూతురు నోరు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, నాకు మొత్తం ఎంతమంది తల్లులు?”

కంగారమ్మ కూరను అవసరానికి మించి కలిపింది.

“నాతో చెప్పొచ్చు కదమ్మా!”

“చెప్పాను. రోజుకు ఆరుసార్లు చెప్పాను.”

“అది చెప్పడం కాదు, నస.” కూతురు పీట మీద కూలబడింది. గొంతు తగ్గింది. “గురువారం సాయంత్రంలోగా ఆసుపత్రి వెనక షెడ్డులో నలభై ఇనుప మంచాలు ఎత్తాలి. ఎత్తకపోతే లారీలవాళ్లకు ఇచ్చేస్తారు. ఏడాది నుంచి బకెట్లూ డబ్బా రేకులూ మోసి మోసి, ఇప్పటికి ఒక్క పెద్ద చోటు నన్ను నమ్మి పిలిచింది. ఇది పోతే మళ్లీ పిలవరు. నేను జన్మంతా ఓటి బకెట్లు ఏరుకోవాల్సిందే.”

కూతురు ఏడ్చి ఉంటే కంగారమ్మ తట్టుకునేది. ఆ శాఖ ఆమెకు బాగా అలవాటు. కూతురు ఏడవకుండా గ్లాసుడు నీళ్లు తాగి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. కంగారమ్మ పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుంది.

కార్యాలయం రెండో అంతస్తులో మొదటి బల్ల బ్రేకుల విభాగం. బోర్డు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేడు. బ్రేకుల అధికారి ఆరేళ్ల కిందట రిటైరయ్యారు. ఆయన కళ్లజోడు డబ్బా మాత్రం ఇంకా విధుల్లో ఉంది. దాని పక్కనే భయాల విభాగం. అక్కడి గుమాస్తా నున్నగా దువ్విన తలతో, ఎవరి భయమూ అంటనివాడిలా కూర్చుని ఉన్నాడు.

“బాబూ, ఆ చీటీ నాదే. పొరపాటైంది. చింపేయండి.”

“చింపడానికి వీల్లేదమ్మా, నంబరు పడిపోయింది.” అతను ఫారం తీశాడు. “భయం మొదలైన తేదీ?”

“అది పుట్టిన రోజు.”

“బండా?”

“కూతురు.”

గుమాస్తా రాసుకున్నాడు. “పరిమాణం? చిన్నది, మధ్యరకం, తల్లి. మూడే ఉన్నాయి.”

“మూడోది బాబూ.”

“ఆ గడి అచ్చులోనే టిక్కు పెట్టించాం, అందరూ అదే అంటున్నారని. ఇంట్లో ఇంకెవరైనా భయపడుతున్నారా? మీ ఆయన?”

“ఆయన వంతు కూడా నేనే పడతానండీ.”

“ఉమ్మడి భయం,” అని రాసుకుని, గుమాస్తా కలం పక్కన పెట్టాడు. “చూడండమ్మా, ఫిర్యాదు ముగియడానికి రెండే దారులు. బ్రేకులు బాగున్నాయని తేలాలి. లేదంటే మీ భయం పోవాలి.”

“అయితే బ్రేకులు చూడండి బాబూ. నేను అడిగిందీ అదేగా!”

“చూసేవాళ్లు లేరుగా. ఖాళీ ఉందని పైకి రాశాం. పైన కూడా ఖాళీయే.” అతను ఈ మాట ఎండగా ఉందన్నంత మామూలుగా అన్నాడు. “అందుకని మీ భయం పోగొట్టడమే తేలిక. బుధవారం పదకొండింటికి పరీక్ష.”

ఇరవయ్యారేళ్లుగా ఎవరి వల్లా కాని పనిని కార్యాలయం ఆ విధంగా బుధవారం పదకొండింటికి పెట్టింది.

నియమాలు ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. ఫిర్యాదుదారు సదరు వాహనంలో కూర్చుని, భయ పరిశీలనాధికారి సమక్షంలో కార్యాలయం నుంచి కూడలి దాకా వెళ్లి రావాలి. (బండిని కదపరాదన్న ఉత్తర్వు అమల్లోనే ఉంటుంది, పరీక్ష కోసం కదిలిన బండిని కదలనట్టుగా భావిస్తారు.) భయ లక్షణాలు ఇవి: కళ్లు మూయుట, ఆధారం పట్టుకొనుట, లేని బ్రేకును కాలితో తొక్కుట, “అయ్యో”, “చూసుకో”, “నెమ్మది” అను మాటలు పలుకుట. మూడు లక్షణాలు కనబడితే తప్పినట్టు. తప్పినవారు ఆరు నెలల తర్వాత మళ్లీ రావచ్చు.

మంగళవారమంతా వంటింట్లో తర్ఫీదు జరిగింది. తల్లి పీట మీద, కూతురు ఎదురుగా పళ్లెం స్టీరింగులా తిప్పుతూ.

“బస్సొస్తోంది.”

“అయ్యో!”

“అమ్మా, నువ్వున్నది పీట మీద. అది కదలదు.”

“కదలదని నీకెవరు చెప్పారు?”

సాయంత్రానికి పదిహేడు సార్లు తప్పింది. పద్దెనిమిదోసారి పళ్లెం చేతిలోంచి జారి ఖంగుమంటే తల్లి “చూసుకో!” అని, కూతురు సోమవారం తర్వాత మొదటిసారి నవ్వి, ఇద్దరూ అన్నాలు తిన్నారు.

బుధవారం బండిని కార్యాలయం దాకా తాళ్లు కట్టి లాక్కొచ్చారు. భయ పరిశీలనాధికారి లావుపాటి మనిషి. మెడలో కలం, చేతిలో అట్ట. డ్రైవరు వైపు నుంచి ఎక్కి, జరుక్కుంటూ జరుక్కుంటూ తీగ కట్టిన తలుపు పక్కకు చేరడానికి ఆయనకు నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యలో కంగారమ్మ. చేతులు ఏదీ పట్టుకోకుండా తొడల కింద పెట్టుకుంది. కాళ్లు లేని బ్రేకును వెతుక్కోకుండా చెప్పులు విప్పి సీటు మీదే మఠం వేసుకుంది. కూతురు ఆమె వైపు ఒకసారి చూసి తాళం తిప్పింది. మైకు దానంతటదే మొదలైంది: “పాత ఇనుము కొంటాం!”

కార్యాలయం నుంచి కూడలికి రోడ్డు పల్లం. ఆ సంగతి నియమాలు రాసినవారు గమనించలేదు. బండి గమనించింది.

కూతురు బ్రేకు తొక్కింది. బండి ఆ విన్నపాన్ని స్వీకరించింది గానీ చర్య తీసుకోలేదు. రెండోసారి తొక్కింది. కూడలిలో అడ్డంగా ఒక బస్సు నింపాదిగా తిరుగుతోంది.

“నెమ్మది తల్లీ,” అన్నారు అధికారి.

మూడోసారి.

“అయ్యో! చూసుకో, చూసుకో!” ఆయన కంగారమ్మ భుజం పట్టుకున్నారు, కాలితో నేలను తొక్కారు, కళ్లు గట్టిగా మూసుకున్నారు. కూతురు గేరు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, నాలుగోసారి రెండు కాళ్లతో తొక్కింది. బండి ఒళ్లంతా వణికి, బస్సుకు జానెడు దూరంలో నిలబడింది. “తిరగని ఫ్యాన్లు కొంటాం,” అంది మైకు.

అధికారి చాలాసేపటికి కళ్లు తెరిచారు. కంగారమ్మ చేతులు తొడల కిందే ఉన్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, మూయడం మరిచిపోయింది. ఆమెకు మాట పోయింది. మాట పోవడం జాబితాలో లేదు.

పరిశీలనాధికారి తాను చూసినది మాత్రమే రాయాలన్నది నియమం. కళ్లు మూసుకున్నంతసేపు ఆయన ఏ భయాన్నీ చూడలేదు. ఆ మాటే రాసి, సంతకం చేసి, తిరుగు ప్రయాణం కాలినడకన పూర్తిచేశారు. అరగంటలో గుమాస్తా ముద్ర కొట్టాడు: భయ నివృత్తి ధ్రువపత్రం, కాలపరిమితి ఒక ఏడాది. కూడలిలో నిలబడ్డ బండి ముందద్దం మీది కాగితం గీకేశారు. బండి కదలవచ్చు.

కదల్లేదు. కూతురు స్టీరింగు మీద తల ఆనించి కూర్చుంది.

“నాలుగోసారికి పడింది,” అంది కంగారమ్మ. అదే ఆమెకు తిరిగొచ్చిన మొదటి మాట.

“లెక్కపెట్టావా?”

“ఊఁ.”

“నాకూ భయమేసిందమ్మా. శుక్రవారం గోడ దగ్గర కూడా వేసింది. నీతో అంటే ఇంక బండి ఎక్కనివ్వవని అనలేదు.”

“నేను భయపడకూడదు. కాగితం ఇచ్చారు,” అంది కంగారమ్మ. “మెకానిక్కు దగ్గరికి పద. తోసుకుంటూ పోదాం.”

మెకానిక్కు షెడ్డు వీధి చివరే. అతను చక్రం విప్పి, లోపలికి చూసి, తల పైకెత్తి తల్లీకూతుళ్లను మార్చి మార్చి చూశాడు. పైపు పగిలి బ్రేక్ ఆయిలంతా కారిపోయిందట. లోపల అరగడానికి ఇంకేమీ మిగల్లేదట. “ఎవరైనా ఒకసారి చూసి ఉంటే బాగుండేదమ్మా,” అన్నాడు.

సాయంత్రానికి బండి బ్రేకు తొక్కిన మొదటిసారికే ఆగింది. గురువారం నాలుగు విడతల్లో నలభై మంచాలూ షెడ్డు దాటాయి. ప్రతి విడతలోనూ మధ్య సీట్లో కంగారమ్మ మఠం వేసుకుని కూర్చుంది. ఆసుపత్రివాళ్లు వచ్చే నెల పాత బీరువాలు కూడా తీసుకెళ్లమన్నారు.

ఆ తర్వాతి నెలలో కార్యాలయం నుంచి ఒక లేఖ వచ్చింది. “మీ భయం తొలగినందున సదరు వాహనం బ్రేకులు సక్రమంగా ఉన్నట్టు నిర్ధారణ అయినది. ఈ పద్ధతిలో బ్రేకులను చూడవలసిన పని లేకుండానే సత్ఫలితాలు వచ్చినందున, వచ్చే నెల నుంచి బడి బస్సులన్నింటికీ దీనినే అమలు చేస్తున్నాము. పిల్లల తల్లులు బుధవారం పదకొండు గంటలకు హాజరు కావలెను.”

కంగారమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ధ్రువపత్రం గడువు ఇంకా పదకొండు నెలలు ఉంది.