పదిహేడో నంబరు చీటీ

చండ్రుగొండలో ఆ ఉదయం రామ్‌చందర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదింటికి గడ్డం గీయించుకోవాలి. తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. పదింటికల్లా ముందుగదిలో బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, ఇరవై మూడు రాళ్లను నంబర్ల వరుసలో పేర్చాలి. పదకొండున్నరకు హైదరాబాదు నుంచి మ్యూజియం మేడం మధులత వస్తుంది, చూస్తుంది. నచ్చితే, అక్కడ కొత్తగా కడుతున్న గదిలో ఒక అద్దాల పెట్టె మీద 'రామ్‌చందర్ సేకరణ' అని రాయిస్తుంది.

ఆ రెండు మాటల కోసం ఆయన ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాడు. బొగ్గుగనిలో సర్వే గొలుసు పట్టే పనిలో ముప్పై మూడేళ్లు భూమి లోపల గడిపి రిటైరైతే, బయట ఆయనకు మిగిలిన పేరు 'రాళ్ల రామ్‌చందర్'. అది మెచ్చుకోలు కాదని ఆయనకూ తెలుసు. అద్దాల పెట్టె మీదికి ఎక్కితే ఆ పేరుకు కాస్త మర్యాద వస్తుందని ఆశ.

అడవిలో దొరికే రాళ్లు ఆయన కంటికి ఆనవు. ఆయన ఏరేది పాత మ్యూజియాల రాళ్లు. మూతపడిన మైనింగ్ బడి, కప్పు కూలిన జమీందారు బంగళా, సామాను తగ్గించుకుంటున్న కోస్తా మ్యూజియం... ఎక్కడ పాత బీరువా ఖాళీ అవుతోందని తెలిస్తే అక్కడికి బస్సెక్కేవాడు. అలాంటి రాళ్లకు వందేళ్ల నాటి చిన్న కాగితం చీటీ అంటించి ఉంటుంది. నంబరు, రాయి పేరు, దొరికిన చోటు. రామ్‌చందర్ లెక్కలో ప్రాణమంతా చీటీలోనే ఉంది, రాయి ఆ చీటీ కూర్చునే పీట. "చీటీ లేని రాయి పునాదిల ఎయ్యనీకె పనికొస్తది" అనేవాడు. చీటీ అక్షరాలు చెరిగిపోతే మళ్లీ రాసుకున్న పాపానికి కొత్తగూడెంలో ఒక స్నేహితుడితో రెండేళ్లుగా మాట్లాడటం లేదు.

అన్నిటిలోకీ గొప్పది పదిహేడో నంబరు. అరచేతిలో పట్టే రాయి, నీలం రంగు కయనైట్ పలకల మధ్య ఎర్రటి గార్నెట్ గింజలు. చీటీ మీద 'స్విట్జర్లాండ్' అని ఉంది. తన దగ్గరున్న ఎనిమిది మంచి చారల అగేట్ రాళ్లు ఇచ్చి దాన్ని మార్చుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజు భార్య కన్నమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇసొంటియి మా ఇప్పలకుంట గుట్ట మీద మస్తుండె. మేకలు మేపుకుంట ఆడుకునేటోళ్లం" అంది. రామ్‌చందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్విన సంగతి ఆయన మరిచిపోయాడు, కన్నమ్మ మరిచిపోలేదు.

కన్నమ్మకూ ఒక పద్ధతి ఉంది. భూమిలోంచి వచ్చిన ఏ వస్తువైనా మూడు బకెట్లు చూశాకే శుభ్రమైనట్టు. మొదటి బకెట్లో నానబెట్టడం, రెండోదాంట్లో రుద్దడం, మూడోదాంట్లో జాడించడం. మొగుడి గని బట్టలు ముప్పై మూడేళ్లు అలాగే తెల్లగా నిలబెట్టింది. రాళ్ల పెట్టెకు మాత్రం ఎప్పుడూ తాళం ఉండేది గనక అది ఆమె చేతికి చిక్కలేదు. ఆ ఉదయం రామ్‌చందర్ పెట్టెను వాకిట్లోకి తెచ్చి, తాళం తీసి, మంగలి దగ్గరికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి ఇరవై రెండు రాళ్లు బట్టలుతికే బండ మీద నీళ్లు కారుతూ కూర్చుని ఉన్నాయి.

"ఏందే ఇది?" అన్నాడు రామ్‌చందర్.

"కడిగిన. తలకు పోసుకుందామని నానబెట్టిన కుంకుడుకాయలన్నీ వాటికే అయినయి. ఎంత మసి పట్టిందో చూసినవా? మేడం ముందట అట్లనే పెడితే పొయ్యేది నా ఇజ్జత్."

"చీటీలు?"

"ఊడినయి. పారెయ్యలే, చాటల ఆరేసిన."

రామ్‌చందర్ చాట దగ్గరికి పరుగెత్తాడు. పాతకాలం సిరా, పాతకాలం మనుషుల్లాగే గట్టిది. ఒక్క అక్షరం చెదరలేదు. ఆయనకు సగం ప్రాణం లేచి వచ్చింది. మళ్లీ లెక్కపెట్టి, "తొమ్మిదో నంబరేది?" అన్నాడు. అది పోలండ్ గనిలోంచి వచ్చిన ఉప్పురాయి.

"ఉప్పును ఎవలన్న కడుగుతరా? వంటింట్ల పైన పెట్టిన" అంది కన్నమ్మ, అంత మాత్రం తెలియదా అన్నట్టు.

అప్పుడే ఫోను మోగింది. "నమస్తే అండీ, మధులతను. వైరా దాటాం. రోడ్డు ఖాళీగా ఉంది, అనుకున్నదానికంటే గంట ముందే వచ్చేస్తాం." రామ్‌చందర్ చాలా సంతోషం అన్నాడు. ఆ మాట అంత దుఃఖంగా ఎవరూ అని ఉండరు.

పక్కింటి గోడ మీదుగా సీతయ్య తల కనిపించింది. సీతయ్య గనిలో లాంపురూము మనిషి. కిందికి దిగే ప్రతి కార్మికుడి దగ్గరా నంబరు బిళ్ల తీసుకుని, దీపం ఇచ్చి, పుస్తకంలో నంబరు, పేరు, షిఫ్టు రాసుకునేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క బిళ్ల మారలేదని ఆయన గర్వం. సంగతి విని గోడ దిగి వచ్చేశాడు.

"ఇరవై రెండు రాళ్లు, ఇరవై రెండు చీటీలు. గింతేనా? షిఫ్టుకు ఆరువందల మందిని దింపినోన్ని నేను. నువ్వు నంబరు చెప్పు అన్నా, నేను అంటిస్త."

"గమ్ము లేదు సీతయ్యా."

"అన్నం మెతుకులుండగ గమ్మెందుకు? వదినా, పిడికెడు మెత్తటన్నం తే."

పని జోరుగా సాగింది. రామ్‌చందర్ ఏ రాయికి ఏ చీటీయో కళ్లు మూసుకుని చెప్పగలడు. సీతయ్య మెతుకు నలిపి, చీటీ వెనక పూసి, అంటించి, వాకిట్లో ఎండ పడే అరుగు మీద వరసగా పెడుతూ పోయాడు. పదిహేడో నంబరు అంటే గౌరవం కొద్దీ దానికి రెట్టింపు అన్నం పూశాడు. అన్నీ అయ్యాక ముగ్గురూ లోపలికి వెళ్లి దుప్పటి పరిచారు. మడతలు సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది.

అరుగు పక్కనే గుంజకు ఒక నాటుకోడి కట్టి ఉంది. హైదరాబాదు నుంచి వచ్చే మనిషికి పప్పుతో అన్నం పెట్టడం ఎట్లా అని, ముందురోజు అడవి ఊరి నుంచి సంతకు వచ్చిన ముత్తక్క దగ్గర కన్నమ్మ ఏరి తెచ్చిన కోడి. దాని కాలి తాడు ఎంత పొడుగుందో ఎవరూ చూడలేదు. వాళ్లు బయటికి వచ్చేసరికి అది అరుగు మీద నిలబడి, పదిహేడో నంబరు రాయి ముందు తల వంచి, ముక్కు తుడుచుకుంటోంది. మిగతా రాళ్ల జోలికి పోలేదు. అన్నం ఎక్కువున్నది అదొక్కటే మరి.

రామ్‌చందర్ అరుగు మీద కూలబడ్డాడు. స్విట్జర్లాండ్ మొత్తం ఆ కోడి పొట్టలోకి పోయింది.

"ఎట్లయిన కోసేదే గదన్నా" అన్నాడు సీతయ్య మెల్లగా. "ఇప్పుడే కోస్తే..."

"కోస్తే కూర దొరుకుద్ది, చీటీ దొరకది" అంది కన్నమ్మ. "పొద్దుగాల నుంచి అన్నీ మీరే చేస్తున్నరు. కొద్దిసేపు చేతులు కట్టుకోని కూసోండి."

సీతయ్య కూర్చునే మనిషి కాదు. "చీటీల ఏముండెనో నీకు యాదికున్నది గద? పాత కాయితం మీద నేను రాస్త. ఎవలికి తెలుస్తది?"

"దొంగ చీటీనా? నా ఇంట్లనా?" అన్నాడు రామ్‌చందర్. కానీ ఆ మాటలో రోజూ ఉండే ఊపు లేదు. అద్దాల పెట్టె కళ్ల ముందు కనిపిస్తోంది. మేడం ప్రత్యేకంగా అడిగింది పదిహేడో నంబరునే. ఫోటో పంపితే, ఆ ఒక్క రాయి గురించే మూడుసార్లు ఫోన్ చేసింది. ఆయన ఇంకేమీ అనలేదు. అనకపోవడాన్ని సీతయ్య ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు.

పాత కాగితం కోసం ఇల్లంతా గాలిస్తే అటక మీద ఒక పెళ్లికార్డు దొరికింది. మూలలకు పూసిన పసుపు అప్పటికే వెలిసిపోయి వందేళ్ల కాగితంలా ఉంది. సీతయ్య ఒక మూల కత్తిరించి, చాయ్ డికాక్షన్‌లో ముంచి, పొయ్యి సెగకు చూపించి, లాంపురూము దస్తూరీతో పొందికగా రాశాడు. మెతుకులతో అంటించి ఊదుతుండగానే బయట కారు హారన్ వినిపించింది.

మధులతకు నలభై ఏళ్లుంటాయి. భుజాన సంచి, మెడలో తాడుకు వేలాడే చిన్న భూతద్దం. కన్నమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, "మీ గురించి చాలా విన్నాను రామ్‌చందర్ గారూ. చీటీల విషయంలో మీ అంత నిక్కచ్చి మనిషి ఈ జిల్లాల్లోనే లేడట" అంది. రామ్‌చందర్‌కు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆమె మిగతా రాళ్లను ఒకసారి చూసి నేరుగా పదిహేడు దగ్గరికి వచ్చింది. భూతద్దం కంటికి పెట్టుకుంది. చాలాసేపు చీటీనే చూసింది.

"పదిహేడు. గార్నెట్‌తో కయనైట్. స్విట్జర్లాండ్." రాయి మీదికి ఇంకాస్త వంగి, "ఫస్ట్ షిఫ్ట్?" అంది.

ముప్పై ఏళ్ల అలవాటు సీతయ్య చేతిని వదల్లేదు. "నంబరున్న కాడ షిఫ్టు ఉండాలె గద మేడం" అన్నాడు, తప్పేముందన్నట్టు.

ఆమె రాయిని పైకి ఎత్తింది. మెతుకు ఇంకా ఆరలేదేమో, చీటీ జారి ఆమె వేలికి అంటుకుంది. తిప్పి చూసింది. వెనక ఎర్ర అక్షరాల్లో 'చి.ల.సౌ. రోజారాణి' అని ఉంది.

గనిలో పైకప్పు ఉరిమిన రోజున కూడా రామ్‌చందర్‌కు ఇంత భయం వేయలేదు. అప్పుడు పరుగెత్తడానికి దారుండేది. ఆయన చేతులు జోడించాడు.

"మేడం, అది దొంగ చీటీ. రాసింది సీతయ్య అయినా తప్పు నాదే, నేను వద్దనలే. అసలు చీటీ రాళ్లు కడిగేటప్పుడు ఊడింది. మళ్ల అంటిస్తే..." కిటికీలోంచి బయటికి చూపించాడు. "గా కోడి తిన్నది. మీరు అద్దాల పెట్టె సంగతి మర్చిపోండి. ఇంత దూరం తిప్పినందుకు మాఫ్ చెయ్యుండ్రి."

చెప్పేశాక ఆయన తల ఎత్తలేకపోయాడు. ఇరవై ఏళ్లు ఏరుకున్న గౌరవం పిడికెడు అన్నంతో పోయిందని ఏడుపొచ్చింది. మధులత మాత్రం ఆయన వైపు చూడటం లేదు. చీటీ ఊడిన చోటనే రాయిని వెలుతురులోకి వంచి చూస్తోంది.

కన్నమ్మ ముందుకు వచ్చింది. "ఆ తెల్ల మచ్చనా బిడ్డా? కాయితం కిందుండె. కొబ్బరి పీచు పెట్టి ఎంత రుద్దినా అదొక్కటే పోలే. ఇటియ్యి, నువ్వు చాయ్ తాగేలోపు ముగ్గుపిండితోటి రుద్ది తెస్త."

ఆమె చెయ్యి చాపగానే మధులత రాయిని గుండెలకు హత్తుకుంది. "వద్దమ్మా, వద్దు. దీన్ని రుద్దకండి" అంది.

మచ్చ మచ్చ కాదు. గోరంత తెల్లరంగు పూసి, దాని మీద నల్లరంగుతో రాసిన నంబరు: 'కె 41'. కాగితం చీటీలు రాకముందు మ్యూజియాల్లో రాళ్లకు అలాగే నంబర్లు వేసేవారట. మధులత సంచిలోంచి ఒక పాత పుస్తకం జిరాక్సు తీసింది. ఈ ప్రాంతంలో మొదటిసారి ఏరిన యాభై రాళ్ల జాబితా అది. నలభై తొమ్మిది ఆమె మ్యూజియంలోనే ఉన్నాయి. ఒక్క నలభై ఒకటి మాత్రం, మ్యూజియం ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మారినప్పుడు తప్పిపోయింది. ఎవరో దానికి వేరే రాయి చీటీ అంటించి వేరే బీరువాలో పెట్టేశారు.

"మీరు పంపిన ఫోటో చూడగానే అనుమానం వచ్చింది. స్విట్జర్లాండ్ కయనైట్ ఇలా ఉండదు" అంది మధులత. "కానీ చీటీ తీసి చూస్తే గానీ తేలదు. మీరేమో చీటీ మీద చెయ్యి పడనివ్వరని అందరూ చెప్పారు. ఎలా అడగాలో తెలియక సూర్యాపేట నుంచి నాకు మంచినీళ్లు కూడా దిగలేదు. ఇదిగో, మీ సంతకం కోసం అనుమతి పత్రం కూడా రాసి తెచ్చాను. మీరు ఇంట్లోంచి వెళ్లగొట్టినా ఆశ్చర్యం లేదనుకున్నాను."

రామ్‌చందర్ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్నుంచీ బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. మధులత కూడా ఎదురుగా కూర్చుని, అంతే పొడుగ్గా ఊపిరి వదిలింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఎందుకో తెలియకపోయినా సీతయ్యా కలిశాడు.

"దొరికిన చోటు ఏమని ఉన్నది మేడం?" అన్నాడు రామ్‌చందర్.

ఆమె జిరాక్సు మీద వేలు పెట్టి చదివింది. "ఇప్పలకుంట గుట్ట, తూర్పు వాలు."

రామ్‌చందర్ నవ్వు ఆగిపోయింది. ఎనిమిది అగేట్లు గుర్తుకొచ్చాయి. ఆ గుట్ట వాళ్ల దాబా మీదికి ఎక్కితే కనిపిస్తుంది. కన్నమ్మ చాయ్ గ్లాసులు ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టింది. ఆఖరి గ్లాసు మొగుడి ముందు పెడుతూ, "నవ్వినవ్" అంది.

"అవ్" అన్నాడు రామ్‌చందర్. "నవ్విన."

ఆ పూట కోడి కూర వండలేదు. కత్తిపీట తీయబోతే మధులతే అడ్డుపడింది, ఇవాళ్టికి దాని మీద చెయ్యి వేయడం న్యాయం కాదని. పప్పుచారుతో, వంటింట్లో పైన పెట్టిన పోలండ్ ఉప్పు జోలికి పోకుండా, అందరూ కడుపునిండా తిన్నారు. సాయంత్రం వెళ్లేటప్పుడు అద్దాల పెట్టె మీద ఏం రాయించమంటారని ఆమె అడిగింది. రామ్‌చందర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కన్నమ్మ, రామ్‌చందర్ల సేకరణ అని రాయుండ్రి. ఆమె పేరు ముందు."

నెల తర్వాత మ్యూజియం నుంచి పూర్తిచేసి పంపమని ఒక ఫారం వచ్చింది. కొత్తగూడెం స్నేహితుడికి ముందుగా ఒక ఫోన్ చేసి మాట్లాడాకే రామ్‌చందర్ దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. 'శుభ్రపరచిన విధానం' దగ్గర కుంకుడుకాయలు, మూడు బకెట్లు అని రాశాడు. 'శుభ్రపరచినవారు' దగ్గర కన్నమ్మ పేరు, ఊరితో సహా రాశాడు. 'పాత చీటీ ప్రస్తుతం ఎక్కడ ఉంది' అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. ఇక అబద్ధం రాయకూడదని అనుకున్నాడు. కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, గుండ్రటి అక్షరాలతో 'పెరట్లో తిరుగుతోంది' అని రాశాడు.