నర్సెందుకు, సర్వే ఉండగా!

పల్లెటూళ్ళో మనుషులు ఆరోగ్యంగా ఉండాలంటే మందులు కావాలన్న మూఢనమ్మకం ఇంకా కొందరిలో ఉంది. చదువుకున్నవాళ్ళు కూడా ఇలా మాట్లాడితే ఎలాగండీ? మనిషికి కావలసింది మందు కాదు, ప్రశ్న! ఎవరైనా వచ్చి, ఎదురుగా కూర్చుని, "మీకెలా ఉంది?" అని అడగాలి. చెప్పింది రాసుకోవాలి. వెళ్ళిపోవాలి. అంతకు మించిన వైద్యం ఏముంది?

నమ్మకపోతే మా ఊరు రండి. మా మీద జరిగినన్ని పరిశోధనలు చంద్రుడి మీద కూడా జరిగి ఉండవు. "గ్రామీణ ఆరోగ్యం, సామాజిక శ్రేయస్సు" అంటూ బృందాలు దిగుతూనే ఉంటాయి. ఒక బృందం మా తిండి గురించి అడిగి వెళ్ళిందో లేదో, మేమెందుకు ఇంత అలిసిపోయి ఉన్నామో కనుక్కోవడానికి ఇంకో బృందం వస్తుంది. పొద్దున్నుంచీ జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయామని మేం చెప్పం. మర్యాద తెలిసినవాళ్ళం.

ఈ సర్వేల వల్ల మా వీధిలో నొప్పులకి ఎంత గౌరవం పెరిగిందో! ఇదివరకు నడుము నొప్పి అంటే "వయసైపోతోంది, ఏం చేస్తాంలే" అని అటు తిరిగి పడుకునేవాళ్ళు. ఇప్పుడు ప్రతి నొప్పికీ మార్కులు! ఒకటి నుంచి పది దాకా స్కేలు. మా దర్జీ నడుముకి ఆరొచ్చాయి. పాలాయన నడుముకి ఏడు. ఆ ఒక్క మార్కుతో దర్జీ మనసు విరిగిపోయి, తర్వాతి సర్వేలో పట్టుబట్టి ఎనిమిది వేయించుకున్నాడు. నడుము అదే, నొప్పీ అదే. కానీ మనిషి ముఖంలో ఆ వెలుగు చూడాలి!

ఇక మా ఇంటాయన. "మీకు నిద్ర బాగా పడుతోందా?" అని అడిగారు. చూస్తే కుర్చీలోనే గురక! "బ్రహ్మాండంగా పడుతోంది" అని రాసుకెళ్ళారు. రాత్రంతా కన్ను మూతపడక పగలిలా తూలుతున్నాడన్న సంగతి నేను చెప్పలేదు. అడగందే చెప్పడం బాగుండదు కదా.

అయితే బంగారు అక్షరాలతో రాయాల్సింది మా అత్తగారి మోకాలి కథ.

మా ఇంటికి ఎదురుగా, వీధికి అవతల, ఆవిడ తోడికోడలు, అంటే మా చిన్నత్తగారు ఉంటారు. కాపరానికొచ్చిన నాటి నుంచీ ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. కారణం ఇద్దరికీ గుర్తు లేదు. గుర్తు తెచ్చుకునే తీరికా లేదు. పద్ధతి మాత్రం పక్కా. ఒకరోజు ఈవిడ వీధి దాటి వెళ్ళి, ఆవిడ వరండాలో కూర్చుని పోట్లాడి రావాలి. మర్నాడు ఆవిడ మా వరండాకి వచ్చి బదులు తీర్చుకోవాలి. మధ్యలో టీ ఇవ్వడం ఆలస్యమైతే అది తర్వాతి పోట్లాటకి ముడిసరుకు.

అలాంటిది, మా అత్తగారి మోకాలు పట్టేసింది. మెట్టు దిగలేరు. చిన్నత్తగారేమో మా గేటు దాకా వచ్చి నాలుగూ అనేసి పోతున్నారు. ఈవిడ వెళ్ళి అనలేకపోతున్నారు. అనాల్సినవన్నీ లోపల పేరుకుపోయి పాపం ఆకలి కూడా చచ్చిపోయింది. "దానికి జవాబు చెప్పకుండానే పోతానేమోనే కోడలా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

నవ్వకండి. మీకు ఊళ్ళూ దేశాలూ ఉంటే ఉండొచ్చు. మా అత్తగారికి ఆ వీధి దాటడమే ప్రపంచయాత్ర.

అదృష్టం కొద్దీ ఊరి క్లినిక్‌లో నర్సమ్మ ఉంది. మంచి చెయ్యి. రోజూ వేడినీళ్ళ కాపడం పెట్టి, కాలు మెల్లగా చాపి, మడిచి, బతిమాలి, కసిరి, ఎలాగైతేనేం అత్తగార్ని గేటు దాకా నడిపించింది. గేటంటే సగం దారే కదా! ఇంకొన్నాళ్ళు ఆ చెయ్యి పడితే అవతలి వరండా ఎక్కేసేవారే.

సరిగ్గా అప్పుడు దిగింది మహా సర్వే. దానికి నాయకుడు పెద్ద సారు. ఎండని లెక్క చెయ్యని మనిషి, చెమట తుడుచుకుంటూనే ఊరంతా తిరిగారు. వాళ్ళకి ఊళ్ళో అందర్నీ ఎరిగిన మనిషి తోడు కావాలిట. అందర్నీ ఎరిగింది ఎవరు? నర్సమ్మ! క్లినిక్‌కి తాళం వేయించి, ఆవిడ చేతిలో ట్యాబ్ పెట్టి, ఇల్లిల్లూ తిప్పారు. మా ఇంటికీ తీసుకొచ్చారు.

"అమ్మాయ్, ఈ మోకాలు కాస్త చూడవే, మళ్ళీ బిగుసుకుపోయింది," అన్నారు అత్తగారు.

"ఇవాళ చూడకూడదు పిన్నిగారూ, అడగడమే," అంది నర్సమ్మ నేల చూపులు చూస్తూ. తర్వాత గొంతు సవరించుకుంది. "మీ ఊళ్ళో నర్సు అందుబాటులో ఉందా?"

అత్తగారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. "ఎండదెబ్బ తగిలిందా నీకు? ఎదురుగా కూర్చుని, ఉన్నావో లేవో నన్నడుగుతావేం?"

"ఉంది," అని పెద్ద సారు సంతోషంగా టిక్కు పెట్టించారు. "ఇంటికొచ్చి పలకరిస్తుందా అమ్మా?"

"వచ్చింది కదయ్యా! కుర్చీ కూడా వేశాం!"

ఇంకో టిక్కు.

"ఇరుగుపొరుగుతో గొడవలేమైనా ఉన్నాయా?"

అత్తగారు నిట్టూర్చారు. "ఎక్కడివి బాబూ! ఒకప్పుడు రోజూ ఉండేవి. ఈ మోకాలు పోయాక అన్నీ ఆగిపోయాయి."

పెద్ద సారు కళ్ళు చెమర్చాయి. "చూశారా! వయసుతో పాటు ఎంత సామరస్యం!"

అది కాదండీ అని నేను నోరు తెరవబోయాను. "ఇంటికి ఒక్కరే మాట్లాడాలమ్మా, లేకపోతే శాంపిల్ చెడిపోతుంది," అన్నారాయన. ఒకరి శాంపిల్ చెడగొట్టిన పాపం నాకెందుకు? టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాను.

ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. నర్సమ్మ వెళ్ళి నర్సుందా అని అడగడం, జనం ఆవిడ మొహం చూసి ఉందనడం!

రిపోర్టు వచ్చింది. మా ఊరు ఫస్టు! నర్సు గడప గడపకీ తిరిగే ఊరు ఇదొక్కటేనట. పోట్లాటలన్నవి మచ్చుకైనా లేవట. మరి ఇంత నిక్షేపంలాంటి ఊరికి నర్సెందుకు? అవసరం ఉన్న ఊరికి బదిలీ చేశారు. న్యాయమే కదండీ! కడుపు నిండినవాడికి మళ్ళీ వడ్డిస్తారా?

మాకేమో షీల్డు ఇచ్చారు. ఆ షీల్డుని తాళం వేసిన క్లినిక్ తలుపు పక్కన తగిలించడానికి సభ పెట్టారు. మైకు, కుర్చీలు, ఫొటోగ్రాఫరు. సామరస్యానికి గుర్తుగా తోడికోడళ్ళిద్దరికీ పక్కపక్కన ఫొటో తియ్యాలన్నారు పెద్ద సారు. మా అత్తగార్ని కుర్చీతో సహా మోసుకెళ్ళి చిన్నత్తగారి పక్కన దించారు.

"నవ్వండమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఏమే," అన్నారు మా అత్తగారు, "నేను కదల్లేనని తెలిసి మా గేటు ముందు నిలబడి అంటావా అన్నేసి మాటలు?"

"మరి నువ్వు రావేం?" చిన్నత్తగారు కస్సుమన్నారు. "ఎన్నాళ్ళని ఒక్కదాన్నే పోట్లాడుకోను? తోచక చస్తున్నానక్కా! రోజూ వచ్చి గొంతు చించుకునేది ఎందుకనుకున్నావ్? కోపం పట్టలేకైనా లేచొస్తావని!"

"లేవగలిగితే రానా, మొద్దూ!" అన్నారు మా అత్తగారు. గొంతు మాత్రం పోట్లాటలా లేదు.

ఈలోగా పెద్ద సారు షీల్డు పట్టుకుని క్లినిక్ మెట్లెక్కారు. తాళం పడ్డ నాటి నుంచీ అడుగు పెట్టినవాళ్ళు లేక మెట్ల నిండా పాచి. జర్రుమని జారింది కాలు. షీల్డు ఒక పక్క, సారొక పక్క. తగిలింది ఎక్కడనుకున్నారు? మోకాలే!

"నర్సు! ఎవరైనా నర్సుని పిలవండి!"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "ఉందండీ," అన్నాడు దర్జీ వినయంగా, "మీ రిపోర్టులో ఉంది."

మా అత్తగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "ఒకటి నుంచి పది దాకా ఎంతుంటుంది బాబూ?"

"తొమ్మిదమ్మా, తొమ్మిది! అబ్బా!"

"రాసుకోండర్రా," అన్నారు చిన్నత్తగారు.

"నాది పదయ్యా," అన్నారు మా అత్తగారు మెల్లగా. "అన్నిసార్లు రాసుకెళ్తుంటే, మీకు తెలుసనుకున్నా."

సార్ని జీపులో ఎక్కించి పంపించాం. జీపు గుంటల్లో పడినప్పుడల్లా ఆయన కేక ఊరి చివరి దాకా వినిపించింది. ఆ వెంటనే పై నుంచి ఉత్తర్వు: ఈ ఊరికి నర్సు అత్యవసరం!

అందుకే అంటున్నాను, పరిశోధనల్ని ఆడిపోసుకోకండి. పరిశోధనలో లోపం లేదు. సరైన మోకాలు దొరకాలంతే!

ఇప్పుడు నర్సమ్మ వారానికో రోజు ఇళ్ళకే వచ్చి చూస్తోంది. ఆ ఒక్క రోజు వైద్యానికి మా అత్తగారు సగం వీధి దాకా వెళ్తున్నారు. మిగతా సగం చిన్నత్తగారు వస్తున్నారు. నడివీధిలో స్టూళ్ళు వేసుకుని పోట్లాడుకుంటుంటే సైకిళ్ళు పక్కనుంచి చుట్టి వెళ్తున్నాయి. అవతలి వరండా ఎక్కాలంటే మాత్రం నర్సమ్మ మిగతా రోజులు కూడా రావాలి.

వస్తుందనే మా ఆశ. పోయినసారి పరిశోధన ఎక్కడ జారిందో పరిశీలించడానికి పెద్ద సారు కంటే ఇంకా పెద్ద సారు వస్తున్నారట. ఊరంతా ఊడ్చాం, తోరణాలు కట్టాం, కుర్చీలు తుడిచి పెట్టాం.

క్లినిక్ మెట్లు మాత్రం ఎవరం కడగలేదు.