తొలి గుప్పెడు ఏటికే

ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున ఉండే కనకవల్లికి జీవనోపాధి లేదని పోయిన మార్చిలో అధికారికంగా తేలింది. అంతకుముందు ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో ఆమె, పాపం, రోజూ రొయ్యలు పట్టుకుని, అమ్ముకుని, ఇద్దరు పిల్లల్ని చదివించి, పెళ్లిళ్లు కూడా చేసేసింది. తెలియనితనం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది మరి.

ఈ సంగతి తేల్చినవారు షోళింగనల్లూరులో పదకొండో అంతస్తులో ఉండే 'పచ్చతీరం ఫౌండేషన్' వారు. తీరప్రాంత ప్రజలకు పర్యావరణహితమైన ఉపాధి కల్పించడం వారి ధ్యేయం. కిటికీ దగ్గర నిలబడితే తీరం వారికి చక్కగా కనిపిస్తుంది కూడా. సర్వేకు కేదార్ అనే ప్రాజెక్టు అధికారిని పంపారు. ఆయన గుంటూరు నుంచి వచ్చి మూడేళ్లయినా తమిళం ఒంటబట్టలేదు. ఏటి ఒడ్డు పేటలో తరతరాలుగా నాలుగు తెలుగు గడపలున్నాయని తెలిసి ప్రాణం లేచొచ్చినట్టయింది. మొదటి గడప కనకవల్లిదే.

ఆమె పని చూసి కేదార్ నోరెళ్లబెట్టాడు. పడవ లేదు, వల లేదు. పాటు వేళ, అంటే నీరు సముద్రంలోకి తీసే వేళ, ఏట్లో దిగి నడుం మునిగేలా కూర్చుంటుంది. తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటుంది. రెండు చేతులూ బురదలో పెట్టి, కంటితో పని లేకుండా వేళ్లతోనే రొయ్యను దొరకబుచ్చుకుని బుట్టలో పడేస్తుంది. తొలి గుప్పెడు మాత్రం బుట్టలోకి పోదు. మళ్లీ నీళ్లలోకే వదిలేస్తుంది. అది ఆమె అవ్వ నాటి కట్టుబాటు.

"ఏటిది ఏటికిచ్చినాకే కదా సారూ మనకు" అంది కనకవల్లి, బుట్ట నోట్లోంచి తీసి.

కేదార్ ఫారం నింపాడు. వాడే యంత్రాలు: లేవు. వాడే ఇంధనం: లేదు. వాడే ప్లాస్టిక్: లేదు. ఇన్ని లేవులు కలిసేసరికి ఉపాధి కూడా లేనట్టేనని కంప్యూటరు నిర్ణయించింది. ప్లాస్టిక్ తగ్గింపు అనే అంశంలో అయితే ఆమెకు ఏకంగా సున్నా వచ్చింది. తగ్గించాలంటే ముందు వాడాలి కదా! ఆ లోటు తీర్చడానికి ఫౌండేషన్ వారు ఉదారంగా ఆరు ప్లాస్టిక్ పెట్టెలు ఉచితంగా ఇచ్చారు. వచ్చే ఏడాదికి వాటిని మూడు చేస్తే సగానికి సగం ప్రగతి సాధించినట్టు. పక్కింటి పచ్చయమ్మ ప్రస్తుతం వాటిలో కోళ్లను పొదగేస్తోంది.

"ఇదంతా నాకెందుకు సారూ?" అని కనకవల్లి అడక్కపోలేదు.

"పది రోజులు శిక్షణ తీసుకుంటే మీకు హరిత వ్యాపారి కార్డు వస్తుందమ్మా. కార్డుంటే ఈ ఏట్లో మిమ్మల్ని దిగొద్దనేవాడు ఉండడు. కార్డు లేదనుకోండి, రేపు ఎవరైనా వచ్చి మీరెవరని అడిగితే ఏం చెబుతారు?"

ఆ మాట కనకవల్లికి కొత్త. తానెవరని ఆ ఏటి ఒడ్డున ఇంతవరకూ ఎవరూ అడగలేదు. బతుకంతా ఏట్లో తాను కూర్చునే బురదమేట మీదే ఉంది. కార్డు తెచ్చుకు తీరాలని నిశ్చయించుకుంది.

పేటలోని పదిహేనుమంది ఆడవాళ్లకు శిక్షణ షోళింగనల్లూరులోనే, ఏసీ గదిలో. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా. వ్యానులో పోను రెండు గంటలు, రాను మూడు గంటలు. మొదటి రోజు 'సముద్రంతో స్నేహం' అనే పాఠాన్ని సముద్రంతో ముఖపరిచయం లేని నిపుణులు బోధించారు. చిక్కల్లా ఒక్కటే, ఆ పది రోజులూ పాటు సరిగ్గా పట్టపగలే వస్తోంది.

"మేమీడ కూసుంటే ఆడ పాటు అయిపోతాది సారూ. రొయ్య మాకోసరం నిలస్తాదా?" అని పచ్చయమ్మ నిలదీసింది.

కేదార్ మంచివాడు. సమస్యను వెంటనే పైకి రాశాడు. మూడో రోజుకల్లా జవాబు వచ్చింది. పాటును సాయంత్రం ఆరు తర్వాతకు మార్చే వీలుందేమో సంబంధిత శాఖవారిని సంప్రదించవలసినది అని. ఆ శాఖ ఏదో కనుక్కోవడానికి కేదార్ నిజంగానే రెండు రోజులు తిరిగాడు.

ఈలోగా హాజరు యంత్రం పేచీ పెట్టింది. ముప్పై ఏళ్లు బురదలో రొయ్యల్ని తడిమి తడిమి ఆ ఆడవాళ్ల వేళ్లమీద గీతలు అరిగిపోయాయి. కనకవల్లి ఎన్నిసార్లు బొటనవేలు నొక్కినా, మనిషి రాలేదనే యంత్రం చెప్పింది. ఎదురుగా నిలబడి "వచ్చినాను కదయ్యా!" అని ఆమె మొత్తుకున్నా, సంస్థ నిబంధనల ప్రకారం యంత్రం మాటే చెల్లుతుంది. చివరికి కేదారే జాలిపడి అందరి బదులూ తన వేలు నొక్కాడు. ఆ విధంగా పదిహేనుమంది కేదార్లు మొదటి తరగతిలో ఉత్తీర్ణులయ్యారు.

కార్డు మాత్రం ఆమె పేరుతోనే వచ్చింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని పసుపు డబ్బాలో దాచుకుంది.

కార్డులు ఇచ్చాక వ్యాపారం పెట్టించాలి. 'ఉప్పుటేటి అనుభవం' అనే పథకం తయారైంది. నగరవాసులు వారాంతంలో వచ్చి, రొయ్యలు చేత్తో పట్టే ప్రాచీన విద్యను తిలకించి, ప్రకృతితో మమేకమై, ఆరింటిలోగా ఇంటికి వెళ్లిపోవచ్చు. వచ్చినవారు బురద తొక్కకుండా నిలబడడానికి ఒక వేదిక కావాలి, కార్లకు చోటు కావాలి. ఫౌండేషన్ వారు ఏరంతా వెతికి, గట్టి నేల దొరక్క, కనకవల్లి రొయ్యలు పట్టే బురదమేటనే ఎంచుకున్నారు. మొదటి లారీ కంకర దింపుతుంటే ఆమె అడ్డంగా వచ్చి నిలబడింది.

"అయ్యో, ఈడ రాళ్లు పోస్తే రొయ్య యాడికి పోతాది సారూ? అది పెరిగేదే ఈడ. కార్డుంటే ఏరు నాదేనంటివే!"

"మీదేనమ్మా. అందుకే మీ చోటే ఎంచుకున్నాం. అదంతా పర్యావరణహిత కంకర, మీరు కంగారుపడకండి" అన్నాడు కేదార్. అన్నాడే గానీ ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఆమె పసుపు డబ్బాలోంచి కార్డు తెచ్చి చూపించింది. లారీ డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫోటో బాగా వచ్చిందని మెచ్చుకుని, మిగతా కంకర దింపేశాడు. కనకవల్లి గట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ప్రారంభోత్సవానికి ఫౌండేషన్ అధ్యక్షురాలు సంయుక్త వచ్చారు. 'ప్లాస్టిక్‌కు వీడ్కోలు' అని రాసిన నలభై అడుగుల ప్లాస్టిక్ బ్యానరు కింద నిలబడి ఇలా సెలవిచ్చారు: "ఈ అమాయక మహిళలకు ప్రకృతిని గౌరవించడం మేం నేర్పాం. తొలి గుప్పెడు రొయ్యల్ని ఏటికి తిరిగిచ్చే వినూత్న విధానాన్ని మా బృందం ఏడాది పరిశోధించి రూపొందించింది!" చప్పట్లు మోగిపోయాయి. అవ్వ నాటి కట్టుబాటు ఏడాదిలో తయారయిందని విని కనకవల్లి కూడా చప్పట్లు కొట్టింది, పక్కనున్నవాళ్లు కొట్టమంటే.

అన్నీ సమకూరాయి గానీ మేట పోయాక రొయ్య రావడం మానేసింది. దానికీ ఉపాయం దొరికింది. ఎక్కడో చెరువులో పెంచిన రొయ్యలు శనివారం పొద్దున్నే మంచు పెట్టెలో దిగుతాయి. పదకొండింటికి కనకవల్లి ఏట్లో కూర్చునేలోగా కేదార్ వాటిని నీటి అడుగున ఒక పళ్లెంలో సర్ది, తేలిపోకుండా మీద వల ముక్క కప్పి పెడతాడు. పోటో పాటో చూసుకునే బాధే లేదు. పాటును ఆఫీసు చెప్పిన వేళకు మార్చలేమనుకున్నవాళ్లు ఇప్పుడొచ్చి చూడాలి.

మొదటి శనివారం వేదిక నిండా జనం. కనకవల్లి బుట్టను పళ్ల మధ్య పెట్టుకుని చేతులు ముంచింది. వేళ్లకు తగిలినవి కదల్లేదు. అయినా చేతికి అలవాటు పోదు కదా, తొలి గుప్పెడు తీసి ఏటికి వదిలింది. అవి ఈదుకుంటూ పోలేదు. మెల్లగా తేలి, ఆమె చుట్టూనే తిరుగుతూ ఉండిపోయాయి. వాటిని చూస్తూ ఆమె అలాగే కూర్చుండిపోయింది. కళ్లవెంట నీళ్లు కారాయి. బుట్ట నోట్లో ఉంది కాబట్టి పైకి ఏడవడానికి లేదు.

"అమ్మా, ఆ వదిలేది ఇంకొక్కసారి! ఎండ సరిగ్గా పడలేదు" అని వేదిక మీదినుంచి ఎవరో అరిచారు. ఆమె ఇంకొకసారి వదిలింది.

'ఏటితల్లికి తొలి గుప్పెడు: ఆనందబాష్పాలు' అనే పేరుతో ఆ వీడియోను నాలుగు లక్షలమంది చూశారట. పెరంబూరు నుంచి కృష్ణస్వామి అనే రిటైరైన పెద్దాయన ఒక్కడే, "రొయ్యలు చచ్చి తేలుతున్నాయి కదండీ, ఆమె ఏడుస్తోంది కదా" అని కింద రాశాడు. ఒక మంచిపని జరుగుతుంటే ఓర్వలేని ఆ ముసలాణ్ణి అందరం కలిసి నోరు మూయించాం. గుండె బొమ్మలు మాత్రం లక్షా పదివేలు పడ్డాయి. మీరూ ఒకటి నొక్కారు, గుర్తుందా? తీరిగ్గా భోంచేస్తూ చూశారు. ఆవేళ మీ ఇంట్లో రొయ్యల వేపుడు.