కుచ్చుముడి సంగ్రామం

జెరూసలేము నగరంలో, రాతి ఇళ్ళు ఒకదాని భుజం మీద మరొకటి తల వాల్చి కునుకుతీసే నహ్లావోత్ సందుల నడుమ, తమ్మూజు అనే నడివేసవి మాసపు ప్రచండభానుడు పొద్దున్నే తన నిశితకిరణ శరపరంపరను ఎక్కుపెట్టి వీధిపిల్లులను సైతం నీడకోసం శరణార్థులను చేసిన ఒకానొక విశ్రాంతిదినాన, బస్సులు కదలని, పొయ్యిలు ముట్టించని, కత్తెరలు నోరు తెరవని ఆ పరమప్రశాంత ప్రభాతాన, ముప్ఫైమంది పట్టే ఒక చిన్న ప్రార్థనామందిరంలో జరిగిన ఘోరసంగ్రామాన్ని చెబుతాను, వినండి. ఇందులో ఏనుగులు లేవు, రథాలు లేవు. రెండు శాలువాలున్నాయి.

ఒక పక్షాన తోద్రోస్. నగర బస్సును ఏళ్ళ తరబడి ఇరుకుదారుల్లో మదగజంలా నడిపి, పదవీ విరమణ తరువాత ప్రార్థనను కూడా మధ్యలో ఎక్కడా ఆపకుండా అదే వేగంతో గమ్యం చేర్చే శీఘ్రపఠనధురంధరుడు, విశాలోదరుడు, శ్వేతసూత్రసంరక్షకుడు. మరో పక్షాన జుండెల్. జీవితమంతా గడియారాల గుండెల్లోకి తొంగిచూసి, ప్రతి అక్షరాన్నీ పటకారుతో పట్టి వెలుతురులో తిప్పిచూసినట్టు పలికే మందోచ్చారణశిరోమణి, కృశాంగుడు, నీలసూత్రధారి.

వైరకారణమూ ఆ సూత్రమే. ప్రార్థనాశాలువా నాలుగు మూలలా వేలాడే కుచ్చుల్లో ఒక నీలిపోగు ఉండాలని ధర్మశాస్త్రం. ఆ నీలం ఏ సముద్రప్రాణి నుంచి తీసేవారో ఆ సంగతి ఎన్నో శతాబ్దాల కిందటే మరుగున పడింది. అప్పటి నుంచి జనం తెల్లపోగులతోనే సరిపెట్టుకున్నారు. ఈమధ్య కొందరు పండితులు ఒక నత్తను చూపించి ఇదే అది అన్నారు. జుండెల్ నమ్మాడు. తోద్రోస్ నమ్మలేదు. రెండేళ్ళ కిందట జుండెల్ నీలిపోగులతో మందిరంలో అడుగుపెట్టిన రోజున, చిన్ననాటి నుంచి ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఆ మిత్రద్వయం మధ్య చివరి సంభాషణ ఇలా సాగింది.

"మన తాతలకి తెలియని నత్త నీకెక్కడ పరిచయమైందయ్యా?"

"మీ తాతకి బస్సు కూడా తెలీదు. మరి నువ్వు నడపలేదూ?"

"బస్సు నేను ఒంటికి చుట్టుకుని దేవుడి ముందు నిలబడలేదు."

అంతే. మాటలు తెగిపోయాయి. కానీ చోటు వదిలితే ఓటమి ఒప్పుకున్నట్టే కనుక ఇద్దరిలో ఎవరూ ఆ బల్ల వదల్లేదు. ప్రతి విశ్రాంతిదినమూ మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా, రెండు ఖండాలంత దూరంగా కూర్చుంటూనే వచ్చారు.

ఆ ఉదయం విధి జుండెల్ కళ్ళద్దాల రూపంలో ముందుగానే పావులు కదిపింది. శుక్రవారం సాయంకాలం, విశ్రాంతిదినం మొదలవుతూ దీపాలు వెలిగించే వేళకు, ఆయన తన కళ్ళద్దాల మీద తానే కూర్చున్నాడు. విశ్రాంతిదినాన బాగుచేయడం నిషిద్ధం కనుక, మంచుతెరలో నడిచే ఓడలా, గోడలు తడుముకుంటూ మందిరానికి వచ్చి కంఠస్థపాఠం మీద భారం వేసి నిలబడ్డాడు.

దేవుడొక్కడే అని చాటే షెమా పఠనవేళ ఆసన్నమైంది. నాలుగు మూలల కుచ్చులనూ ఎడమచేతిలోకి కూడదీసుకోవలసిన ఘట్టం. శాలువాను తల మీదుగా ముఖం దాకా లాక్కుని, భక్తిపారవశ్యాంధకారంలో మునిగిన తోద్రోస్, ఎడమవైపుకు చెయ్యి చాచి దొరికిన కుచ్చును పట్టుకున్నాడు. అది జుండెల్‌ది. తన నాలుగోది ఎక్కడికి పోయిందో తెలియక జుండెల్ కుడివైపు తడిమాడు. దొరికింది. అది తోద్రోస్‌ది. ఎవరి చేతిలో ఏముందో ఎరగని ఆ మహావీరులిద్దరూ, కుచ్చుల ప్రస్తావన వచ్చే వాక్యం దగ్గర ఆచారం ప్రకారం వాటిని కళ్ళకద్దుకుని, పెదవులకు ఆనించి ముద్దాడారు.

అప్పుడు తోద్రోస్ కళ్ళు తెరిచాడు. పెదవుల మీద నీలం.

ప్రళయకాల మేఘగర్జనను మింగినవాడిలా ఆయన ఉబ్బిపోయాడు. నోరు విప్పడానికి వీల్లేదు. ఆ ఘట్టం నుంచి మౌనప్రార్థన ముగిసేదాకా ఒక్క మాట కూడా మధ్యలో రాకూడదని శాస్త్రం. విదిలించాడు. నీలికుచ్చు విదిలించిన కొద్దీ తెల్లకుచ్చును చుట్టుకుంది. లాగాడు. బిగిసింది. అటునుంచి ఏదో తనను గుంజుతోందని జుండెల్ కూడా లాగాడు. ఇంకా బిగిసింది. ఇద్దరు యోధులూ తమ సమస్తబాహుబలాన్ని వెచ్చించిన ఫలితంగా, రెండు శాలువాల రెండు మూలలూ కలిసి బఠాణీగింజంత ముడిగా ఘనీభవించాయి.

మౌనప్రార్థన మొదలైంది. పాదాలు రెండూ జోడించి, తూర్పున ఒకప్పటి దేవాలయం ఉన్న దిక్కుకు తిరిగి, కదలక నిలవాలి. పైకి అందరూ శాంతమూర్తులే. లోపల మాత్రం తోద్రోస్ ఇలా గర్జించాడు: "ఓరీ శంబూకోపాసకా! పితృపితామహ పరంపరాగత ధవళసూత్రాన్ని నీ జలచరవర్ణంతో బంధించి నన్ను బందీని చేయ సాహసించితివా! నిలు, నిలు!" జుండెల్ లోపల ఇలా బదులిచ్చాడు: "ఓయీ వేగాంధా! మలుపు చూడక వాహనము తోలు నీ దురభ్యాసమే ఈ సంకటమునకు మూలము! నా పోగు తెగెనా, నీతో తేల్చుకొందును!" ఈ పలుకుల్లో ఒక్కటీ పెదవి దాటలేదు. ప్రార్థనలో పరధ్యానంగా ఉన్న పాపం మాత్రం ఇద్దరికీ సమానంగా అంటింది.

అలవాటు ప్రకారం తోద్రోస్ ముందు గమ్యం చేరాడు. ముగించినవాడు మూడడుగులు వెనక్కి వేయాలి. ఒకటి వేశాడు. ముడి తన్నుకుంది. జుండెల్ ఇంకా సగంలోనే ఉన్నాడు, జోడించిన పాదాలతో, గోడకు కొట్టిన మేకులా. తోద్రోస్ రెండోది వేశాడు. మేకు వంగింది. మూడోది వేయబోతే మేకు ఊడి మీద పడేలా ఉంది. ఆ విధంగా ఆ బస్సుచోదక సార్వభౌముడు జీవితంలో మొదటిసారి, ఎర్రదీపం ముందు ఆగినట్టు, ఒకరి అక్షరాలు పూర్తయ్యేదాకా వేచి ఉన్నాడు. చెమట గడ్డంలోకి కారింది. జుండెల్ ఆనాడు మరింత నిదానించాడని కొందరు, లేదు అదే ఆయన మామూలు వేగమని కొందరు నేటికీ వాదించుకుంటారు.

తరువాత అందరితో పాటు "పరిశుద్ధుడు" అంటూ మునివేళ్ళ మీద లేవవలసి వచ్చినప్పుడు ఇద్దరూ ఒకేసారి లేచి ఒకేసారి దిగారు. లేకపోతే శాలువాలు జారిపోతాయి.

మౌనం సడలిన మరుక్షణం పైనున్న ఆడవాళ్ళ వసారా జాలీ వెనక నుంచి మొదటి బాణం వచ్చింది. అది తోద్రోస్ భార్య ష్ప్రింత్సా గొంతు.

"ఏమండీ, నీలం రుచి ఎలా ఉంది?"

వసారా అంతా కిసుక్కుమంది. తోద్రోస్ తలెత్తలేదు. రెండేళ్ళ తరువాత మొదటిసారి పక్కకు తిరిగాడు.

"నా మూల వదులు."

"నేనా? నీ మూలే నన్ను పట్టుకుంది."

"అయితే నీ శాలువా తీసెయ్, గొడవ వదిలిపోతుంది."

"నువ్వే తియ్యి. నీకు గాలి కావాలి, చూడు ఎలా కారుతోందో చెమట."

"ఇవాళ పోయిన మా నాన్న పేరు మీద నన్ను ధర్మగ్రంథం తోరా దగ్గరికి పిలుస్తారు. ఉత్త భుజాలతో వెళ్ళమంటావా?"

 ఈలోగా మందిరపు మతగురువు రబ్బీ కలోనిమస్ వచ్చాడు. ఆయన గడ్డం నెరిసింది గానీ కళ్ళలో కొంటెతనం నెరవలేదు. వంగి ముడిని పరీక్షించాడు.

"కొయ్యకూడదు, విశ్రాంతిదినం. పోగు తెంపకూడదు, కుచ్చు చెడుతుంది. కానీ ఇది ఎవరూ నిలవాలని వేసిన ముడి కాదు, దానంతటది పడ్డ చిక్కు. చేత్తో విప్పుకోవచ్చు."

"ఎవరు విప్పాలి, రబ్బీగారూ?" అన్నాడు తోద్రోస్.

"అది శాస్త్రంలో లేదు. మీరిద్దరూ చూసుకోండి. జాగ్రత్త, మూలల్లో ఉన్న అసలు ముడులు విప్పారంటే రెండూ వట్టి దుప్పట్లే."

చూసుకునే వ్యవధి లేకపోయింది. తోరా గ్రంథపు చుట్టను మధ్యనున్న వేదిక మీద విప్పారు. కాసేపటికి, ఎవరిని ఎప్పుడు పిలవాలో చూసుకునే పెద్ద గొంతెత్తాడు: "యోసెఫ్-బెర్ కుమారుడు తోద్రోస్, రావాలి."

యోసెఫ్-బెర్ అంటే సామాన్యుడు కాదు. వంటింటి కుర్చీ కోడుకు దారాలు బిగించి, ఇదే తోద్రోస్‌కూ ఇదే జుండెల్‌కూ కుచ్చులు ముడివేయడం నేర్పినవాడు. ఒకడు తొందరపడితే మొట్టేవాడు, ఒకడు ఆలస్యం చేస్తే మొట్టేవాడు. ఆ పేరు వినబడేసరికి తోద్రోస్ ముఖంలో యుద్ధం ఆగిపోయింది. తన శాలువా తీయడానికి జుండెల్ భుజం మీద చెయ్యి వేశాడు. వేసి, దించేశాడు.

"పద. నేనూ వస్తా."

"నువ్వెందుకు?"

"ఆయన మొట్టికాయలు నేను కూడా తిన్నాను."

అలా కదిలింది ఆ ద్విశిరస్క చతుష్పాద మహాసేన. బల్లల మధ్య దారి ఒక్కరికే సరిపోతుంది; కనుక ఇద్దరూ పక్కవాటుగా, పీతల్లా, ఎదురొచ్చిన ప్రతి మోకాలికీ క్షమాపణ చెప్పుకుంటూ వేదిక ఎక్కారు.

"నేను ఒక్కరినే పిలిచాను," అన్నాడు పెద్ద.

"ఇవాళ విడిగా రాము," అన్నాడు తోద్రోస్.

చదివే చోటును పాఠకుడు వెండిపుల్లతో చూపించాడు. ఆ చోటికి కుచ్చు ఆనించి, ఆ కుచ్చును ముద్దాడి, స్తుతి పలకాలి. తోద్రోస్ కుడివైపు తెల్లకుచ్చు స్వేచ్ఛగా, నిష్కళంకంగా, చేతికందేలా వేలాడుతోంది. ఆయన దాన్ని చూశాడు. ఎడమచేతిలోని ముడిని చూశాడు.  తోద్రోస్ ఎడమచేతిని ఎత్తి, తెలుపూ నీలమూ కలగలిసిన ఆ బఠాణీగింజను అక్షరాల మీద మెల్లగా ఆనించి, కళ్ళు తెరిచే ముద్దాడాడు. ఆ లాగుడుకు జుండెల్ నుదురు వేదిక బల్లకు ఠంగున తగిలింది.  అంత దగ్గర నుంచి కూడా ఆయనకు ఏమీ కనబడలేదు, కానీ ఏం జరిగిందో తెలిసింది. పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు రెప్పలార్పాడు. తోద్రోస్ తండ్రి కోసం ప్రార్థన చదువుతున్నప్పుడు "ఆమేన్" అందరికన్నా ఆలస్యంగా, అందరికన్నా గట్టిగా వచ్చింది.

ప్రార్థన ముగిశాక, ఊరగాయ చేపముక్కలూ తీపి ద్రాక్షరసమూ ఉన్న బల్ల చుట్టూ జనం మూగారు. వీరులిద్దరూ కిటికీ దగ్గర అంతిమసమరానికి కూర్చున్నారు. తోద్రోస్‌కు కళ్ళున్నాయి, వేళ్ళు అరటిపళ్ళు. జుండెల్‌కు వేళ్ళున్నాయి, కళ్ళు ఇంట్లో విరిగి ఉన్నాయి. కనుక ఒకడు దారి చెప్పగా ఒకడు నడిపాడు.

"ఎడమకి. ఇంకొంచెం. ఆగు, ఆగు, ఎదురుగా నీలం వస్తోంది."

"పోనివ్వనా?"

"దాన్ని ముందు పోనివ్వు. ఇప్పుడు తెల్లది కింద నుంచి. రివర్స్ తీసుకో. అరె, రివర్స్ అంటే వెనక్కయ్యా."

"నాకు తెలుసు రివర్స్ అంటే."

"తెలిస్తే నా వేలెందుకు గుచ్చుతున్నావు?"

"అది నీ వేలా? చేపముక్క అనుకున్నా."

ష్ప్రింత్సా రెండుసార్లు వచ్చి పిలిచింది. శుక్రవారమే వెలిగించి ఉంచిన సన్నసెగ మీద రాత్రి నుంచి ఉన్న మాంసం కూర ఇక కూర కాదు, ఇటుక అని చెప్పింది. ఆ యుద్ధరంగంలో ఆమె మాట ఎవరికీ వినబడలేదు. చివరికి వలయం వెనుక వలయం సడలి, పోగు వెనుక పోగు తొలగి, ఆ దుర్భేద్యగ్రంథి వదులైంది. ఒక్క పోగు తెగలేదు. ఒక్క అసలు ముడి కదల్లేదు. రెండు కుచ్చులూ చెరో ఒడిలో వాలాయి.

ఇద్దరూ కాసేపు అలాగే కూర్చున్నారు. లేవడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

"నత్తేనా నిజంగా?" అన్నాడు తోద్రోస్, తన కుచ్చును సవరించుకుంటూ.

"నత్తే."

"నాకు నమ్మకం లేదు."

"తెలుసు."

శాలువాలు మడత పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆ గుమ్మం ఇరుకు, ఒక్కరే పడతారు. తోద్రోస్ ఆగి, చెయ్యి చాచాడు.

"నువ్వు ముందు, రెబ్ జుండెల్," అన్నాడు, పేరుకు గౌరవవాచకం తగిలించి.

"అదేం మాట, రెబ్ తోద్రోస్. నువ్వు నడువు."

"పెద్దవాడివి, నువ్వు."

"లావుగలవాడివి, నువ్వు."

వెనుక ఆకలిగొన్న భక్తసమూహం సముద్రంలా పోటెత్తింది. ఎవరో ఒకరు కదలండి బాబూ అని వేడుకుంది. శిలాస్తంభాల్లా నిలిచిన ఆ మహామర్యాదాపురుషుల్లో ఎవరూ తొణకలేదు. చివరికి వెనుక నుంచి ష్ప్రింత్సా మొగుడి వీపు మీద రెండు చేతులూ ఆనించి ఒక్క తోపు తోసింది. ఆమెకు కూర కళ్ళముందు కనబడుతోంది. తోద్రోస్ వీధిలో పడ్డాడు. జుండెల్ టోపీ సర్దుకుని, రాజులా, తీరిగ్గా, అతని వెనకాలే మెట్టు దిగాడు.

వినండి, నహ్లావోత్ నివాసులారా! శస్త్రం లేక, రక్తం చిందక, ఎండ నడినెత్తికెక్కిన ఆ మధ్యాహ్నాన, జుండెల్ అనే నీలసూత్రధారి, తన కంటే ముందు తోద్రోస్ బయటికి వెళ్ళేలా చూసి, రెండోవాడిగా గడప దాటి, మర్యాదయుద్ధంలో దిగ్విజయం సాధించాడు.